ఈస్టు మీద పరిశోధన ఎందుకన్న ప్రశ్నకు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక బెంగళూరు సంచిక ఉత్తరాల శీర్షికలో ఇటీవల ఒక పాఠకుడు, ఈ నగరంలోని పరిశోధన సంస్థలు ప్రజాధనంతో ఈస్టు, బూజు వంటి అల్పజీవుల మీద ఏళ్ల తరబడి పనిచేయడం వల్ల సామాన్యుడికి ఒరిగేదేమిటని అడిగారు. పన్ను కట్టే ప్రతివారికీ ఆ ప్రశ్న అడిగే హక్కుంది కనుక దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దాదాపు అవే రోజుల్లో మీ విజ్ఞాన పుటలో వచ్చిన కణ విభజన వ్యాసంలో, క్రోమోజోములు కణం మధ్యకు చేరుకున్నాక వాటంతటవే రెండుగా విడిపోయి చెరొక కొసకు వెళ్లిపోతాయని రాశారు. ఆ పాఠకుడి ప్రశ్నకు జవాబు ఈ వాక్యాన్ని సరిదిద్దడంలోనే దొరుకుతుందని నా అభిప్రాయం. క్రోమోజోములు వాటంతటవే విడిపోవు. తమను ఇరువైపులకూ లాగే సన్నని పోగులకు అవి సరిగ్గా తగులుకున్నాయో లేదో కణం ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తుంది, తప్పుగా తగులుకున్నవాటిని విడిపించి మళ్లీ ప్రయత్నించనిస్తుంది, అన్నీ కుదిరేవరకూ విభజనను ఆపి ఉంచి ఆ తరువాతే విడదీస్తుంది. ఈ సంగతి మనకు ప్రధానంగా తెలిసింది ఈస్టు ద్వారానే.

నేను బెంగళూరులో పీయూసీ విద్యార్థులకు చాలాకాలం జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. సమవిభజన పాఠం రాగానే ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ అని నాలుగు బొమ్మలు గీయించడం, భాగాలు గుర్తింపజేయడం, మార్కులు వేయడం మన బోధనలో స్థిరపడిపోయింది. తెలుగు మాధ్యమంలోనూ, ఇక్కడి కన్నడ, ఇంగ్లీషు మాధ్యమాల్లోనూ తీరు ఒక్కటే. ఆ రెండో బొమ్మ దగ్గర, క్రోమోజోములు మధ్యలో వరుసగా ఎందుకు ఆగాయి, దేనికోసం ఆగాయి అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరుంటారు. వారికి చెప్పదగిన జవాబు విజ్ఞానశాస్త్రం చేతికి 1990లలోనే వచ్చింది. పరీక్షకు రాదు కనుక తరగతి గదిలోకి మాత్రం అది అరుదుగా వస్తుంది. పత్రికల విజ్ఞాన పుటలు ఈ లోటు తీర్చగలవన్న ఆశతోనే ఇంత పొడవైన ఉత్తరం రాస్తున్నాను.

బేకరీల్లో రొట్టె పిండిని పొంగించే ఈస్టును శాస్త్రజ్ఞులు సాకరోమైసిస్ సెరివిసియే అంటారు. అది ఏకకణ శిలీంధ్రం. దాని కణం అడ్డుకొలత సుమారు 5 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 200వ వంతు. అంత చిన్న కణంలోనూ మన కణంలో ఉన్నట్టే కేంద్రకం ఉంది, క్రోమోజోములున్నాయి, విభజన వేళ వాటిని లాగే కండె పోగులున్నాయి. దాని 16 క్రోమోజోముల మీదుగా ఉన్న సుమారు 1.2 కోట్ల డీఎన్ఏ అక్షరాలను, వాటిలోని దాదాపు 6,000 జన్యువులను 1996 నాటికి పూర్తిగా చదివారు. కేంద్రకం గల జీవుల్లో జన్యుక్రమం మొత్తం తెలిసిన మొదటి జీవి ఇదే. మంచి ఆహారం ఇచ్చి 30 డిగ్రీల వేడిలో ఉంచితే సుమారు 90 నిమిషాలకొకసారి విభజన చెందుతుంది. తల్లి కణం పక్కన మొగ్గ పుట్టి పెరుగుతుంది కాబట్టి, మొగ్గ పరిమాణం చూసి ఆ కణం విభజనలో ఏ ఘట్టంలో ఉందో సూక్ష్మదర్శినిలో చప్పున చెప్పవచ్చు. పరిశోధనకు ఇంతకంటే ముఖ్యమైన సౌకర్యం మరొకటుంది. మనకు ప్రతి క్రోమోజోముకూ రెండేసి ప్రతులుంటాయి, ఒక ప్రతిలోని జన్యువు చెడినా రెండోది చాలావరకు కాపాడుతుంది. ఈస్టు ఒకే ప్రతితో కూడా హాయిగా బతుకుతుంది కాబట్టి ఏ జన్యువు చెడినా దాని పర్యవసానం వెంటనే బయటపడుతుంది. కణ విభజనను నడిపే జన్యువులను ఈ ఈస్టులోనూ, మరొక జాతి ఈస్టులోనూ ఇలా వెదికి పట్టుకున్న లీలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్‌లు టిమ్ హంట్‌తో కలిసి 2001లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. విభజనకు ముందు ప్రతి క్రోమోజోమూ తన నకలు తయారుచేసుకుంటుంది. ఆ రెండు ప్రతులనూ సోదర క్రొమాటిడ్లు అంటారు. కొహెసిన్ అనే వలయాకార ప్రోటీను వాటిని కలిపి పట్టి ఉంచుతుంది. ప్రతి సోదరి మీద సెంట్రోమియర్ అనే చోటుంటుంది, ఆ చోట పదుల రకాల ప్రోటీన్లు గుమిగూడి కైనెటోకోర్ అనే నిర్మాణం కడతాయి. కండె పోగులు వచ్చి పట్టుకునేది ఈ కైనెటోకోర్‌నే. ఈస్టులో సెంట్రోమియర్ పొడవు 125 డీఎన్ఏ అక్షరాలకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. లూయిస్ క్లార్క్, జాన్ కార్బన్ 1980లో దాన్ని మొదటిసారి విడదీసి చూపించారు. మన కణాల్లో ఒక్కొక్క కైనెటోకోర్‌ను దాదాపు 20 పోగులు పట్టుకుంటే, ఈస్టులో ఒక్కటంటే ఒక్క పోగు పట్టుకుంటుంది. ప్రశ్నను ఇంత సరళంగా చేసి ముందు పెట్టే జీవి దొరకడం పరిశోధకుల అదృష్టమనే చెప్పాలి.

కండె పోగులు బయలుదేరే రెండు కొసలను ధ్రువాలంటారు. ఒక సోదరి ఒక ధ్రువం నుంచి వచ్చిన పోగుకూ, రెండో సోదరి ఎదుటి ధ్రువం నుంచి వచ్చిన పోగుకూ తగులుకుంటేనే విభజన తరువాత చెరొక కణానికీ చెరొక ప్రతి అందుతుంది. ఇద్దరు సోదరీమణులూ ఒకే ధ్రువానికి తగులుకుంటే ఒక కణానికి రెండు ప్రతులు చేరి, రెండో కణానికి ఒక్కటీ మిగలదు. ఒకే ప్రతితో బతికే ఈస్టు కణానికి ఒక క్రోమోజోము పూర్తిగా లేకపోవడమంటే చావే. పోగులకు కళ్లు లేవు. అవి పెరుగుతూ, తరుగుతూ, తగిలినదాన్ని పట్టుకుంటూ ఉంటాయి. పైగా ఈస్టులో మొదటి ప్రయత్నం తరచు తప్పుగానే ఉంటుంది. విభజన ఆరంభంలో పాత ధ్రువం ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఇద్దరు సోదరీమణులూ దానికే తగులుకునే అవకాశం ఎక్కువ. అంటే తప్పు జరగడం అరుదైన ప్రమాదమేమీ కాదు. ప్రతి విభజనలోనూ తప్పులు జరుగుతాయి, ప్రతి విభజనలోనూ వాటిని దిద్దుకోవాలి. మీ వ్యాసంలోని వాక్యం దాటవేసింది దీన్నే.

మరి ఫలానా తగులు తప్పు, ఫలానాది ఒప్పు అని కణానికి ఎలా తెలుస్తుంది? ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఏమిటంటే, ఏ పోగు ఏ ధ్రువం నుంచి వచ్చిందో చూసి చెప్పే సాధనమేదీ కణంలో లేదు. దానికి తెలిసేది బిగువు ఒక్కటే. సోదరీమణులు ఎదురెదురు ధ్రువాలకు తగులుకున్నప్పుడు పోగులు రెండు వైపులకూ లాగుతాయి, మధ్యలో కొహెసిన్ విడిపోనివ్వదు, అందువల్ల కైనెటోకోర్ల దగ్గర బిగువు పుడుతుంది. ఇద్దరూ ఒకే వైపు తగులుకుంటే ఎదురు లాగేదేదీ లేక అంతా వదులుగా ఉంటుంది. మన కె.ఆర్. మార్కెట్‌లో పూలు కట్టేవారు ముడి పడిందో లేదో దారాన్ని రెండు వైపులా లాగి చూసుకున్నట్టు, కణం కూడా లాగి చూసే నిర్ణయిస్తుంది.

బిగువుకు ఇంత ప్రాధాన్యం ఉందని మొదట చూపించింది మాత్రం ఈస్టు కాదు, మిడత. అమెరికాలో బ్రూస్ నిక్లాస్ 1960ల చివర మిడత వృషణ కణాల్లోకి అతి సన్నని గాజు సూదిని దించి, సూక్ష్మదర్శినిలో చూస్తూ, క్రోమోజోములను కావాలనే తప్పు ధ్రువానికి తగులుకునేలా చేశారు. మామూలుగా అయితే ఆ తప్పు తగులు కాసేపటికి ఊడిపోతుంది. ఆయన అదే క్రోమోజోమును సూదితో ఎదురు దిశలో లాగి పట్టి ఉంచినప్పుడు, తప్పు తగులు కూడా ఊడకుండా నిలిచింది. సూది కల్పించిన బిగువును కణం నిజమైన బిగువుగానే తీసుకుందన్న మాట. 1995లో ఆయనా, ఆయన సహచరుడూ గొల్లభామ కణాల్లో ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఆ కణాల్లో జత కుదరని క్రోమోజోము ఒక్కటి మిగిలిపోతే విభజన ఆగిపోతుంది. ఆ ఒక్కదాన్ని సూదితో లాగి పట్టుకోగానే, కణం అంతా సరిగ్గా ఉందని భావించి విభజనను కొనసాగించింది.

అయితే బిగువును పసిగట్టేది ఏ అణువు, వదులుగా ఉన్నదాన్ని ఊడదీసేది ఏది అన్న ప్రశ్నలకు సూది జవాబు చెప్పలేదు. దానికి జన్యువులను ఒక్కొక్కటిగా చెడగొట్టి చూడగలిగే జీవి కావాలి. కణ విభజన తరువాత క్రోమోజోముల సంఖ్య తప్పిపోయే ఈస్టు రకాలను 1990ల ఆరంభంలో ఏరినప్పుడు ఇపుల్-1 అనే ఎంజైము జన్యువు బయటపడింది. మన కణాల్లో దీనికి సాటి అయినదాన్ని అరోరా-బి అంటారు. పోగును పట్టుకునే కైనెటోకోర్ ప్రోటీన్లకు ఇది ఫాస్ఫేటును అతికించి వాటి పట్టు సడలిస్తుంది. ఈ ఎంజైము పనిచేయని ఈస్టు కణాల్లో సోదరీమణులిద్దరూ ఒకే ధ్రువానికి, అదీ ఎక్కువగా పాత ధ్రువానికే, తగులుకుని ఉండిపోతారని 2002లో టోమో తనకా బృందం చూపించింది. అంటే కొత్త తగులును కట్టడం ఈ ఎంజైము పని కాదు, వదులుగా ఉన్న తగులును ఊడదీయడమే దాని పని. ఊడినది మళ్లీ తగులుకుంటుంది. మళ్లీ తప్పయితే మళ్లీ ఊడుతుంది. బిగువు వచ్చిన నాడు ఊడదీసే పని ఆగుతుంది.

బిగువే పట్టును గట్టిపరుస్తుందన్న సంగతికి మరింత సూటి రుజువు 2010లో దొరికింది. సియాటిల్‌లో సూ బిగ్గిన్స్, చార్ల్స్ ఆస్బరీల బృందాలు ఈస్టు కణాల నుంచి కైనెటోకోర్లను చెడకుండా బయటికి తీసి, గాజు పలక మీద ఒక్కొక్క పోగు కొసకు వాటిని తగిలించి, లేజరు కాంతితో కొలతగా లాగి చూశాయి. ఎంత బలంగా లాగితే అంత త్వరగా ఊడుతుందని ఎవరైనా అనుకుంటాం. ఒక హద్దు వరకు జరిగింది దానికి తలకిందులు: లాగేకొద్దీ కైనెటోకోర్ పోగును మరింత సేపు అంటిపెట్టుకుని ఉంది.

బతికి ఉన్న కణంలోనే ఈ లాగుడును కళ్లారా చూసే వీలు కూడా ఈస్టు కల్పించింది. దాని క్రోమోజోములు సాధారణ సూక్ష్మదర్శినిలో విడివిడిగా కనబడనంత చిన్నవి. అందుకని సెంట్రోమియర్ పక్కన జెల్లీచేప నుంచి వచ్చిన పచ్చని వెలుగు ప్రోటీను అంటుకునేలా ఏర్పాటు చేస్తారు. అప్పుడు చీకటి తెర మీద ఒక కణంలో ఒక పచ్చని చుక్క కనిపిస్తుంది. నకలు తయారయ్యాక కూడా సోదరీమణులు కలిసి ఉంటారు కాబట్టి అది ఒక్క చుక్కే. కండె ఏర్పడి రెండు వైపుల నుంచీ లాగుడు మొదలవగానే ఆ చుక్క రెండవుతుంది, అర మైక్రోమీటరుకు అటూ ఇటూగా ఎడమై, మళ్లీ దగ్గరై ఒకటవుతుంది, మళ్లీ విడుతుంది. క్రోమోజోము మిగతా పొడవంతా ఇంకా కలిసే ఉండగా సెంట్రోమియర్ల దగ్గర మాత్రం ఈ సాగడం, ముడుచుకోవడం సాగుతూనే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో నిశ్చలంగా గీసిన మధ్యస్థ దశ నిజానికి ఇంత కదలికతో నిండిన ఘట్టం. ఆ తరువాత ఒక్కసారిగా రెండు చుక్కలూ చెరొక దిక్కుకు సాగిపోతాయి, ఇక కలవవు.

ఆ ఒక్కసారి ఎప్పుడన్నది నిర్ణయించే ఏర్పాటు కథలో మన రైతులకు పరిచయమైన మందు ఒకటి వస్తుంది. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులుకూ, విత్తనశుద్ధికీ అనంతపురం, చిత్తూరు ప్రాంతాల రైతులు బావిస్టిన్ అని వాడే కార్బెండజిమ్, శిలీంధ్రాల కండె పోగులు కట్టుకోకుండా అడ్డుపడి వాటిని చంపుతుంది. అదే కుటుంబానికి చెందిన బెనోమిల్ అనే మందు శిలీంధ్ర కణంలో పనిచేసేది కార్బెండజిమ్‌గా మారే. ఈ బెనోమిల్‌ను ఈస్టుకు కొద్దిగా ఇస్తే పోగులు సరిగ్గా ఏర్పడవు, కణం పెద్ద మొగ్గతో అలాగే ఆగిపోయి వేచి ఉంటుంది. మందు ప్రభావం తగ్గాక విభజన పూర్తిచేసుకుని బతుకుతుంది. ఆగమని చెబుతున్నది ఎవరు? 1991లో ఆండ్రూ హోయిట్ బృందం ఒకవైపు, రాంగ్ లీ, ఆండ్రూ ముర్రేలు మరొకవైపు, బెనోమిల్ సమక్షంలో ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకు సాగి చచ్చిపోయే ఈస్టు రకాల కోసం వెదికారు. ఆ వెదుకులాటలో దొరికిన జన్యువులకు బబ్ అనీ, మ్యాడ్ అనీ పేర్లు పెట్టారు. మందు లేనప్పుడు ఆ రకాలు బతికే ఉంటాయి, చాలావరకు మామూలుగానే విభజన చెందుతాయి. ఏదైనా పొరపాటు జరిగిననాడు దాని కోసం ఆగడం మాత్రం వాటికి రాదు. విభజనను నడిపే యంత్రాంగం వేరు, దాన్ని కనిపెట్టి ఉండే యంత్రాంగం వేరు అని ఇలా స్పష్టమైంది.

ఆ యంత్రాంగం ఇప్పుడు అణువుల స్థాయిలో చాలావరకు తెలుసు. పోగు తగలని కైనెటోకోర్ మీదికి ఎంపీఎస్-1 అనే ఎంజైము, బబ్, మ్యాడ్ ప్రోటీన్లు చేరతాయి. అక్కడ మ్యాడ్-2 తన ఆకృతి మార్చుకుని, సహచరులతో కలిసి సీడీసీ-20 అనే ప్రోటీనును పట్టేస్తుంది. విభజన ముందుకు సాగడానికి సీడీసీ-20 స్వేచ్ఛగా ఉండాలి కాబట్టి అది చిక్కినంతసేపూ కణం ఆగే ఉంటుంది. తగులుకోకుండా ఒక్క కైనెటోకోర్ మిగిలినా ఈ ఆపుదల కొనసాగుతుంది. 1995లో కాంగారూ జాతి జంతువు నుంచి పెంచిన కణాల్లో కాన్లీ రీడర్ బృందం, చివరగా మిగిలిపోయిన ఆ ఒక్క కైనెటోకోర్‌ను లేజరుతో కాల్చివేసినప్పుడు, ఆ క్రోమోజోము ఇంకా సరిగ్గా కుదరకపోయినా కణం విభజనకు దిగింది. ఆగమన్న సంకేతం ఎక్కడి నుంచి వెలువడుతుందో దీనితో సందేహం లేకుండా తేలింది. వదులుగా ఉన్న తగులును ఇపుల్-1 ఊడదీసినప్పుడు తగలని కైనెటోకోర్ ఏర్పడుతుంది, దాంతో ఆపుదలా వస్తుంది. దిద్దుబాటుకూ వేచి ఉండడానికీ ఉన్న సంబంధం ఇది.

అన్నీ కుదిరిన తరువాత జరిగేది కత్తిరింపు. సీడీసీ-20 విడుదలై ఏపీసీ అనే పెద్ద ప్రోటీను సముదాయాన్ని పనిలోకి దింపుతుంది, అది సెక్యూరిన్ అనే ప్రోటీనుకు నాశనం చేయమన్న గుర్తు తగిలిస్తుంది. సెక్యూరిన్ అంతవరకూ సెపరేజ్ అనే ఎంజైమును అంటిపెట్టుకుని ఆపి ఉంచింది. ఇప్పుడు అడ్డు తొలగగానే సెపరేజ్ కొహెసిన్ వలయాన్ని తెంచుతుంది. కొహెసిన్‌ను 1997లో ఈస్టులోనే గుర్తించారు, సెపరేజ్ దాన్ని కోస్తుందని 1999, 2000లలో కిమ్ నాస్మిత్ బృందం ఈస్టులోనే చూపించింది. తెంచిన ప్రోటీను మళ్లీ అతుక్కోదు కాబట్టి ఈ అడుగు వెనక్కి తీసుకోలేనిది. అంతకుముందు అంత పరీక్ష ఉండడానికి కారణం అదే. ఈ ఏర్పాటు ఎంత నమ్మదగినదంటే, ఒక నిర్దిష్ట క్రోమోజోమును ఈస్టు పోగొట్టుకోవడం సుమారు లక్ష విభజనలకొకసారి మాత్రమే జరుగుతుంది.

ఇదంతా సామాన్యుడికి ఎందుకన్న ప్రశ్నకు ఇప్పుడు సూటిగా వస్తాను. ఈస్టులో దొరికిన మ్యాడ్, బబ్ జన్యువుల సాటివి మనలోనూ ఉన్నాయి, అదే పని చేస్తున్నాయి. ఈస్టు మ్యాడ్-3కి సాటి అయిన బబ్ఆర్-1 ప్రోటీను జన్యువు రెండు ప్రతులూ చెడి పుట్టిన పిల్లల్లో, శరీరంలోని చాలా కణాల్లో క్రోమోజోముల సంఖ్య తప్పిపోయి ఉంటుందని, వారికి చిన్నతనంలోనే క్యాన్సర్ వచ్చే ముప్పు హెచ్చని 2004లో తేలింది. ఈస్టులో ముందుగా ఆ జన్యువు పని తెలియకపోతే ఆ పిల్లల వ్యాధికి మూలం అర్థమయ్యేది కాదు. మన పెరళ్లలో పూచే బిళ్ళ గన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్, పిల్లల రక్త క్యాన్సర్‌కు దశాబ్దాలుగా వాడుతున్న మందు. అది కూడా కండె పోగులు కట్టుకోకుండా అడ్డుకుని క్యాన్సర్ కణాలను విభజన మధ్యలో నిలిపివేస్తుంది. అలా నిలిపేది, పైన చెప్పిన ఆపుదల యంత్రాంగమే. మందు వాడకం ముందు వచ్చింది, అది ఎలా పనిచేస్తుందన్న వివరం ఈస్టు పరిశోధన తరువాత వచ్చింది.

డౌన్ సిండ్రోమ్ విషయం కొంత వేరు, అయినా చెప్పకుండా ఉండలేను. 21వ క్రోమోజోము మూడు ప్రతులుండడం దీనికి కారణమని 1959లో తెలిసింది. ఆ అదనపు ప్రతి చాలావరకు తల్లి అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే క్షయకరణ విభజనలో పొరపాటు వల్ల వస్తుంది. స్త్రీ అండకణాలు ఆమె తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఆ విభజన మొదలుపెట్టి, మధ్యలో ఆగి, దశాబ్దాల పాటు అలాగే ఉంటాయి. అంతకాలం సోదరీమణులను కలిపి పట్టి ఉంచాల్సింది కొహెసినే. వయసుతో అది తరిగిపోతూ వస్తుంది. 35 ఏళ్ల తల్లికి ఇటువంటి బిడ్డ పుట్టే అవకాశం సుమారు 350లో ఒకటి ఉంటే, 40 ఏళ్లకు సుమారు 100లో ఒకటి కావడానికి ఇది ముఖ్య కారణమని భావిస్తున్నారు. మన ఇళ్లలో ఇప్పటికీ ఇటువంటి బిడ్డ పుడితే, తల్లి ఏదో తిన్నదనో, గ్రహణం వేళ బయటికి వెళ్లిందనో, పూర్వజన్మ పాపమనో నిందించడం వింటూనే ఉన్నాం. కొహెసిన్ అంటే ఏమిటో తెలిసిన అత్తగారు కోడలిని ఆ మాట అనలేదు. ఈ ఒక్క కారణానికైనా ఈ విషయం తెలుగు పత్రికల్లో రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ పాఠకుడు బెంగళూరు సంస్థలను ప్రస్తావించారు కనుక ఇక్కడి పని గురించి కూడా చెప్పాలి. జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రంలో కౌస్తువ్ సన్యాల్ బృందం, మనుషుల్లో జబ్బు కలిగించే కాండిడా ఆల్బికాన్స్ వంటి ఈస్టుల సెంట్రోమియర్ల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. రొట్టె ఈస్టు సెంట్రోమియర్‌ను మొదట విడదీసిన జాన్ కార్బన్ వద్దనే సన్యాల్ ఈ పని మొదలుపెట్టారు. కాండిడా ఎనిమిది క్రోమోజోముల సెంట్రోమియర్లూ ఒకదానితో ఒకటి పోలిక లేని డీఎన్ఏ క్రమాలతో ఉన్నాయని సన్యాల్, కార్బన్ తదితరులు 2004లో ప్రకటించారు. రొట్టె ఈస్టులో పదహారూ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. అదే పని చేయడానికి ప్రకృతి ఇంత భిన్నమైన మార్గాలు ఎన్నుకున్నదన్న సంగతే చాలు, కుతూహలం ఉన్నవారికి. ప్రయోజనమే కావాలన్నవారికి అదీ ఉంది. నోటిలో తెల్లపూత పూయించే ఈ కాండిడా, ఆసుపత్రిలో తీవ్రంగా జబ్బుపడినవారి రక్తంలోకి చేరితే ప్రాణాల మీదికి తెస్తుంది. ఫ్లూకోనజోల్ అనే మందుకు లొంగని కొన్ని కాండిడా రకాల్లో 5వ క్రోమోజోము ఎడమ భుజం రెండుసార్లు అతికి, ఒక అదనపు క్రోమోజోముగా ఏర్పడి ఉందని 2006లో అమెరికాలో కనుగొన్నారు. మందును ఎదుర్కొనే జన్యువులు ఆ భుజం మీదే ఉన్నాయి కాబట్టి వాటి ప్రతులు పెరిగాయి, మందు పనిచేయడం మానేసింది. మనకు చేటు చేసే క్రోమోజోముల పొరపాటు ఆ శిలీంధ్రానికి ఆయుధమవుతున్నది. దాన్ని ఎదుర్కోవాలంటే దాని క్రోమోజోములు ఎలా తగులుకుంటాయో, ఎలా విడిపోతాయో తెలియాలి. జక్కూరులో ప్రజాధనం ఖర్చయింది ఈ జ్ఞానం కోసమే.

ఏ పరిశోధన ఏ రోగికి ఎప్పుడు పనికివస్తుందో ముందే చెప్పమంటే 1991లో బెనోమిల్ కలిపిన పళ్లేల ముందు కూర్చున్నవారు చెప్పగలిగేవారు కాదు. వారు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ కణం ఎందుకు ఆగింది? ఆ ప్రశ్నకు జవాబు ఈస్టులో దొరకడం వల్లే దాని సాటి జన్యువులను మనలో వెదకడం సాధ్యమైంది. మనిషి మీద ఆ వెదుకులాట మొదలుపెట్టడానికి నీతి ఒప్పుకోదు, ఆయుష్షూ చాలదు. 90 నిమిషాలకొక తరం వచ్చే జీవిలో లక్షల కణాలను పరీక్షించి ఏరగలిగారు.

మీకు రెండు విన్నపాలు. విజ్ఞాన పుటలోని ఆ వాక్యానికి సవరణ వేయండి: క్రోమోజోములు అన్నీ రెండు ధ్రువాల పోగులకూ సరిగ్గా తగులుకుని బిగువు వచ్చేవరకూ కణం ఆగి ఉంటుందని, ఆ తరువాత కొహెసిన్‌ను తెంచి వాటిని విడదీస్తుందని రాస్తే చాలు. రెండోది, ఈసారి కణ విభజన బొమ్మలు వేసేటప్పుడు మధ్యస్థ దశను ఒక్క బొమ్మతో సరిపెట్టకుండా, తప్పుగా తగులుకున్న జత ఒకటి, పోగు తగలని జత ఒకటి, సరిగ్గా కుదిరిన జత ఒకటి పక్కపక్కన చూపించండి. పీయూసీ, ఇంటర్ పిల్లలు మీ పత్రిక విజ్ఞాన పుటను కత్తిరించి పుస్తకాల్లో దాచుకోవడం నేను చూశాను. ఆ మూడు బొమ్మలూ వారికి నేరుగా ఉపయోగపడతాయి. అవసరమైతే గీసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు.